ఊరుకోని వేళ్ళు

కిందటి నెలలో ఒక తల్లిగారు వ్రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్లమీదే ఉంది. ఎనిమిది పేజీలు. అందులో ఆరు పేజీలు వాళ్ళమ్మాయి జుట్టును గురించే. అమ్మాయి ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం చదువుతోంది. తెలివైన పిల్ల, చెప్పిన మాట వినే పిల్ల. కాని పుస్తకం ముందు కూర్చుందంటే ఎడమచెయ్యి నెత్తిమీదికి పోతుంది. తడిమి తడిమి ఒక వెంట్రుకను ఎన్నుకుని, పీకి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, కింద పడేస్తుంది. గంట గడిచేసరికి చాపమీద గుప్పెడు వెంట్రుకలు. నడినెత్తిన పది రూపాయల బిళ్ళంత మేర చర్మం కనబడుతోందిట. “తిట్టాను, కొట్టాను, దేవుడిమీద ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేసిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టింది. దీనికింత మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియడం లేదు. రేపు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు ఈ తలతో ఎలా కూర్చోబెట్టేది? మీరు పిల్లలకు పాఠాలు చెప్పేవారు గదా, దీని బుర్రకెక్కేలా రెండు మాటలు వ్రాయండి” అని ముగించారు.

అమ్మాయి బుర్రకు ఎక్కవలసిందేమీ లేదు. పీకకూడదని ఆ పిల్లకు మీకంటె, నాకంటె బాగా తెలుసు. అందుచేత ఈ వారం వ్రాసేదంతా తల్లిగారి కోసమే. ఈ విషయంలో నాకు కాస్త అధికారం ఉంది. అది ఎం.ఏ. పట్టావల్ల వచ్చింది కాదు. నా పదకొండో ఏటినుంచి, అంటే ముప్ఫై ఆరేళ్ళుగా, నేనూ జుట్టు పీక్కుంటున్నాను. వారం వారం ఈ పేజీలో వంకాయకూర నుంచి ఛందస్సు దాకా మీతో ఎన్నో మాట్లాడాను. ఈ సంగతి మాట్లాడే సందర్భం ఇవాళ వచ్చింది.

ముందు మన భాష చూడండి. పనిలేక కూర్చున్నవాణ్ణి ‘గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు’ అంటాం. ఏం చెయ్యాలో తోచక తల్లడిల్లేవాణ్ణి ‘జుట్టు పీక్కుంటున్నాడు’ అంటాం. రోజూ అనే మాటలే. నిజంగా గోళ్ళు గిల్లుకునేవాళ్ళూ, నిజంగా జుట్టు పీక్కునేవాళ్ళూ మన ఇంట్లోనే ఉండవచ్చునన్న ఊహ మాత్రం ఎవరికీ రాదు. ఈ రెండు పలుకుబళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. వేళ్ళు ఊరుకోకపోవడానికి రెండు వేళలున్నాయని మన పూర్వులు కనిపెట్టారన్నమాట. మనసుకు పని లేనప్పుడు ఒకటి, మనసు పట్టరానంత నిండినప్పుడు ఒకటి. ఇవాళ్టి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. తనకు తెలియకుండానే చెయ్యి పోవడం ఒక రకం; గుండెలో గుబులో చికాకో పెరిగి, తెలిసి తెలిసీ చెయ్యి పోవడం రెండో రకం. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. నాలో ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే నాతో ఒకసారి పరీక్ష హాలుకు రండి. మూడు గంటలసేపు నలభైమంది పిల్లల మధ్య అటూ ఇటూ తిరగడం కంటె విసుగు పుట్టించే ఉద్యోగం మరొకటి లేదు. కాపీ కొట్టేవాళ్ళను పట్టడానికి వాళ్ళ చేతుల మీద కన్నేసి ఉంచమంటారు. నేను కన్నేసే ఉంచుతాను గాని, కారణం వేరు. ఒకడు గోళ్ళు కొరుకుతుంటాడు. గోరు అయిపోయాక దాని పక్క చర్మం. ఒక పిల్ల కింది పెదవి మీది తొక్క పంటితో లాగుతుంటుంది. ఇంకొకరు బుగ్గ లోపలివైపు నములుతుంటారు. ఒక కుర్రాడు గడ్డం మీది మొటిమను గిల్లి గిల్లి రక్తం వచ్చిందాకా వదలడు; జవాబు పత్రం మీద ఎర్రటి చుక్క పడగానే ఉలిక్కిపడి, ఎవరైనా చూశారేమోనని తలెత్తుతాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అప్పుడు నేను కిటికీవైపు తిరిగి నిలబడతాను.

వీళ్ళందరికీ జబ్బు ఉందని నేననను. గోళ్ళు కొరకడం చాలామందికి ఉన్న అలవాటు. దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. మానాలని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి మానలేకపోవడం, ఒంటికి గాయాలు కావడం, సిగ్గుతో నలుగురిలోకి వెళ్ళలేకపోవడం, రోజులో గంటలకు గంటలు దానికే పోవడం – ఇంతవరకూ వస్తే అప్పుడు వైద్యులు దాన్ని జబ్బుగా లెక్కవేస్తారు. జుట్టు విషయంలో అలాంటివాళ్ళు నూటికి ఒకరిద్దరు ఉంటారని అంచనా. రెండువేలమంది చదివే కాలేజీలో ఇరవైమందికి తక్కువ కాదు. ఆ ఇరవైమందిలో ప్రతి ఒక్కరూ లోకంలో ఇలాంటి మనిషిని తానొక్కర్తెననో, తానొక్కణ్ణేననో అనుకుంటూ ఉంటారు.

జుట్టు పీక్కోవడానికి 1889లో అలొపో అనే ఫ్రెంచి వైద్యుడు ‘ట్రైకోటిల్లోమేనియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటలు మూడు కలిపి కట్టిన సమాసం: వెంట్రుక, పీకడం, వెర్రి. మొదటి రెండు పదాలతో నాకు పేచీ లేదు. మూడోది మాత్రం ఒప్పుకోను. పేరు సంగతి అలా ఉంచి, ఇంటిపేరు చూడండి. అమెరికాలో మానసిక వైద్యులు ప్రమాణంగా పెట్టుకున్న గ్రంథంలో 2013 దాకా మమ్మల్ని ఎవరి సరసన కూర్చోబెట్టారో తెలుసా? దొంగతనం చెయ్యకుండా ఉండలేనివాళ్ళు, కొంపలకు నిప్పు పెట్టకుండా ఉండలేనివాళ్ళు, జూదం మానలేనివాళ్ళు – ఆ బంతిలో. 2013లో ఆ గ్రంథాన్ని తిరగవ్రాసినప్పుడు మమ్మల్ని అక్కణ్ణించి లేపి, కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కునేవాళ్ళ పక్కకు మార్చారు. చర్మం గిల్లుకోవడానికి గూడా ప్రత్యేకంగా ఒక స్థానం అప్పుడే దొరికింది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఈ రెండింటినీ కలిపి, తన ఒంటిమీదికే మళ్ళీ మళ్ళీ చెయ్యి పోయే జబ్బులని ఒక వర్గం కట్టారు. పక్కన కూర్చున్నంత మాత్రాన చేతులు కడుక్కునేవారూ మేమూ ఒకటి కాదు లెండి. వాళ్ళను తరిమేది ఒక భయం – మైల అంటిందేమో, ఏదైనా కీడు మూడుతుందేమో అని. మాకు అలాంటి భయమేమీ లేదు. వేలికొసకు ఏదో కావాలి, అంతే.

నా సంగతి చెబుతాను. మా తెనాలి ఇంట్లో, ఆరో తరగతి వేసవి సెలవుల్లో మొదలైంది. ఎందుకంటే చెప్పలేను. ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు, ఎవరూ నన్ను బాధపెట్టలేదు. ఇలాంటి అలవాటు వెనక ఏదో ఘోరం దాగి ఉంటుందని సినిమాల్లో చూపిస్తారు. చాలామంది విషయంలో అలాంటిదేమీ ఉండదు. జుట్టు పీకడం ఎక్కువమందికి పదీ పదమూడేళ్ళ మధ్య మొదలవుతుందనీ, కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే వీలు ఉందనీ, కవలల మీద జరిగిన పరిశీలనల్లో గూడా అదే తేలిందనీ చాలా ఏళ్ళ తరవాత చదివాను. చదివిన రోజున మా మేనత్త గుర్తుకు వచ్చింది. ఆవిడకు కనుబొమలు ఉండేవి కావు. రోజూ పొద్దున్నే కాటుకపుల్లతో రెండు గీతలు దిద్దుకునేది. అది ఆవిడ షోకు అనుకునేవాళ్ళం.

నెత్తిమీద మొదటి మచ్చ మా అమ్మ కంటపడ్డప్పుడు ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా ‘పేనుకొరుకుడు’ అని తేల్చారు. ఉల్లిపాయ రసం రుద్దారు. గురివిందగింజ అరగదీసి పట్టువేశారు. పట్నంలో ఒక చర్మవైద్యుడు ఎనిమిది నెలలపాటు పూతమందు ఇచ్చాడు. నేనేమైనా దాచానా అంటే, అడిగినవాళ్ళు లేరు. ‘వెంట్రుకలు ఊడుతున్నాయా?’ అని అడిగారు గాని, ‘నువ్వు పీకుతున్నావా?’ అని ఎవరూ అడగలేదు. తల్లులకు ఉపయోగపడే మాట గనక ఇక్కడ ఒకటి చెప్పి ముందుకు పోతాను. పేనుకొరుకుడు మచ్చ సామాన్యంగా గుండ్రంగా, గాజుముక్కలా నున్నగా ఉంటుంది. పీకిన చోట అలా ఉండదు. అంచు సరిగా ఉండదు. లోపల పొట్టివీ పొడుగువీ రకరకాల కొలతల మొలకలు చేతికి గరుకుగా తగులుతాయి. చెయ్యి సులువుగా అందే చోటే ఎక్కువగా కనబడుతుంది. నిర్ధారణ చెయ్యవలసింది వైద్యుడే అనుకోండి. తేడా తెలిస్తే కనీసం గురివిందగింజలు మిగులుతాయి.

పన్నెండో ఏట తిరుపతి తీసుకువెళ్ళి తలనీలాలు ఇప్పించారు. గుండు మీద పట్టుకోవడానికి ఏమీ లేదు గనక నాలుగు నెలలు నా జన్మలోకెల్లా హాయిగా గడిచాయి. జుట్టు ఒత్తుగా, ఒకే తీరుగా పెరిగింది. మా మామ్మ అందరికీ చూపించి మురిసిపోయింది. వెంట్రుక వేళ్ళ మధ్య ఇమిడేంత పొడుగు కాగానే మళ్ళీ మొదలు. స్వామివారి తప్పేమీ లేదు. జుట్టు అడిగాం, ఇచ్చాడు. వేళ్ళ సంగతి మేము మొక్కుకోలేదు.

ఆ తరవాత ఇరవై ఏళ్ళూ దాచడంతోనే సరిపోయింది. సవరం, పూలు, పాపిట పక్కకు తియ్యడం, నల్లటి పిన్నులు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నడవడం. ఫ్యాను కింద కూర్చోకపోవడం. తలంటు అంటే ఎవరినీ దగ్గరికి రానీయకపోవడం. నా వెనక ఎవరూ ఉండకుండా ఏ సభకు వెళ్ళినా చివరి వరసలో కూర్చునేదాన్ని. దాన్ని అందరూ వినయమనుకున్నారు. కృష్ణలో పుష్కర స్నానానికి వెళ్ళి మునక వెయ్యకుండా తల మీద నీళ్ళు చిలకరించుకుని వచ్చేశాను. జుట్టు పోవడం కంటె ఈ కాపలా మనిషిని ఎక్కువ తింటుంది. ఎవరికైనా దగ్గరవుతున్నకొద్దీ వాళ్ళ చెయ్యి తలమీద పడుతుందేమోనన్న భయం గూడా దగ్గరవుతుంది.

నొప్పి పుట్టదా అని అడుగుతారు. నాకు పుట్టదు. ఇది ఎలా ఉంటుందో చెప్పడం కష్టమే గాని ప్రయత్నిస్తాను. వేళ్ళు జుట్టులో తిరుగుతూ ఉంటాయి. అన్నీ మెత్తగా, తిన్నగా ఉంటాయి. వాటి మధ్య ఒకటి మోటుగా, వంకీ తిరిగి తగులుతుంది. అదొక్కటీ అక్కడ ఉండకూడదనిపిస్తుంది. అచ్చుతప్పు కనిపిస్తే ఎర్రసిరా పెట్టకుండా ఉండలేని పంతుళ్ళకు ఇది అర్థమవుతుంది. ఆ ఒక్కటీ తీసేస్తే అంతా సరిపోతుందనిపిస్తుంది. తీస్తాను. క్షణంపాటు నిజంగానే సరిపోతుంది; లోపల బిగుసుకున్నదేదో వదులవుతుంది. అంతలో వేలికి మరొకటి తగులుతుంది. అరగంట తరవాత ఒళ్ళో చూసుకుంటే గుండె జారిపోతుంది. ఆ సిగ్గు మళ్ళీ గుబులవుతుంది. గుబులైతే చెయ్యి ఎక్కడికి పోతుందో చెప్పాను గదా.

అందుకే తిట్టడం పనికిరాదంటాను. మెత్తని మనసుతో అంటున్న మాట కాదు, లెక్క చూసి అంటున్నది. గుబులువల్ల పుట్టే చేష్టకు గుబులు మందు కాదు. గోళ్ళు కొరికే పిల్లలకు వేలి చివర చర్మం చితికి గోరుచుట్టు లేవడం మామూలే. ఆ పిల్లను పదిమందిలో పట్టుకుని ‘చూడండి దీని వేళ్ళు’ అంటే, గోరుచుట్టు మీద రోకటిపోటన్న సామెత అక్షరాలా నిజం చేసినట్లే. వేపాకు రసం, కాకరకాయ రసం వేళ్ళకు పూయడం కొంచెం నయం. అదేమిటో గుర్తు చేస్తుంది గనక చిన్న అలవాటైతే ఉపయోగపడవచ్చు. మిరపపొడి మాత్రం వద్దు. ఆ వేలు రేపు కంట్లోకి పోతుంది.

ఇది మొండితనం కాదనడానికి నాకు ఇష్టమైన సాక్షులు పక్షులు, జంతువులు. పంజరంలో ఒంటరిగా ఉన్న చిలక తన ఈకలు తానే పీక్కుంటుంది. కొన్ని పిల్లులు తమ ఒళ్ళు తామే నాకి నాకి బోడి చేసుకుంటాయి. 2002లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఒకే ఒక జన్యువును చెడగొట్టి చూస్తే, ఆ ఎలుకలు తమ బొచ్చు సవరించుకోవడం ఆపలేక, బోడిచర్మం, పుండ్లు తేలేదాకా సవరించుకున్నాయి. ఒంటిని శుభ్రం చేసుకునే ప్రకృతి సిద్ధమైన పని ఒకటి ఉంది. ఇక చాలునని చెప్పే తాళం ఎక్కడో వదులైంది. ఆ ఎలుకలకు మనోనిబ్బరం లేదందామా? వాటిచేత ఒట్టు వేయిద్దామా? మనుషుల్లో కారణం అంత తేలికగా ఒక జన్యువుకు కట్టిపెట్టేది కాదు, నిజమే. కాని ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని మనవాళ్ళు చేతులు దులుపుకునే సామెత గూడా ఇక్కడ పూర్తిగా చెల్లదు. వేళ్ళకు చదువు చెప్పవచ్చు.

ఆ చదువు చెప్పే పద్ధతిని 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ‘హాబిట్ రివర్సల్’ అంటారు. అలవాటును తిరగదిప్పడం. అందులో మంత్రం లేదు, గతజన్మ తవ్వడం లేదు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నా ముప్ఫై తొమ్మిదో ఏట ఈ పద్ధతి తెలిసిన ఒక సైకాలజిస్టు దగ్గర నేను వారానికొకసారి చొప్పున మూడు నెలలు నేర్చుకున్నాను.

మొదటి రెండు వారాలు మానమని అనలేదు ఆవిడ. వ్రాయమన్నది. ఎప్పుడు, ఎక్కడ, ఏ చెయ్యి, దానికి ముందు ఏం చేస్తున్నావు, మనసెలా ఉంది. ఇన్నేళ్ళుగా రోజంతా పీక్కుంటూనే ఉంటాననుకునేదాన్ని. పుస్తకం చూస్తే తల తిరిగింది. వంటింట్లో ఒక్కసారీ లేదు. బస్సులో లేదు. క్లాసులో పాఠం చెబుతున్నప్పుడు లేనేలేదు. ఉన్నదంతా మూడు చోట్ల: పేపర్లు దిద్దే బల్ల, రాత్రి పది దాటాక ఫోను పట్టుకుని వాలిన మంచం, స్నానాలగది అద్దం. దొంగ ఏ ఇంటికి ఎన్నింటికి వస్తాడో తెలిసిపోయింది. ఎలా వస్తాడో గూడా తెలిసింది. ఎడమ మోచెయ్యి బల్లకు ఆనుతుంది, అరచేతిలో చెంప వాలుతుంది, అక్కణ్ణించి వేళ్ళు పైకి పాకుతాయి. పట్టుకోవలసింది వెంట్రుక దగ్గర కాదు, మోచెయ్యి దగ్గర.

రెండోది, చెయ్యి బయలుదేరగానే దానికి ఎదురుపని చెప్పడం. గుప్పిలి బిగించి ఒళ్ళో పెట్టుకుని ఒక నిమిషం, రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. గుప్పిలి బిగించిన చెయ్యి పీకలేదు. ఎవరి కంటా పడదు. ఆ నిమిషంలో కోరిక కెరటంలా లేచి, ఇంకా లేచి, నేను పీకకపోయినా తనంతట తాను దిగిపోతుందని మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ముప్ఫై ఏళ్ళలో దాన్ని దిగేదాకా ఆగి చూసింది అదే మొదలు.

మూడోది, ఇల్లు సర్దుకోవడం. స్నానాలగదిలో వెలుగు తగ్గించాను. కనుబొమలు తీసే పట్టకారు ఇంట్లోంచి పంపేశాను. పేపర్లు దిద్దేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ ప్లాస్టరు చుట్టుకున్నాను. వెంట్రుక ఆనవాలు తెలియకపోతే వేలికి ఆసక్తి పోతుంది. సెలవు రోజుల్లో ఆముదం కలిపిన నూనె పట్టించి బిగించి జడ వేసుకుంటే వేళ్ళు జారిపోతాయి. ఇవన్నీ చిన్న పనులే. ఒకరికి కుదిరింది మరొకరికి కుదరదు. ఎవరి మూడు చోట్లు వారివి.

వేళ్ళకు ఏదో కావాలన్నాను గదా. ఏం కావాలో తేల్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. రబ్బరు బంతి ఇచ్చారు, నచ్చలేదు. జపమాల తిప్పాను, పూసలన్నీ ఒకటే కొలత, వేలికి వెతుకులాట లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం బాగానే ఉంది గాని ఎంతకని తింటాం? చివరికి పనికివచ్చింది మా మామ్మ పద్ధతి. పత్తిలోంచి గింజ తీసి, పోగు లాగి, సన్నగా పేని వత్తులు చేయడం. వెతకడం ఉంది, లాగడం ఉంది, వేళ్ళ మధ్య తిప్పడం ఉంది. నా వేళ్ళు కోరిన మూడూ అందులో ఉన్నాయి. కార్తీకమాసానికి మా వీధి మొత్తానికి సరిపడా వత్తులు ఇప్పుడు మా ఇంట్లో ఉంటాయి. నాకు భక్తి ముదిరిందని అనుకుంటున్నారు, అనుకోనివ్వండి.

మా వారికి పెళ్ళయిన మూడో నెలలో తెలిసింది. నేను చెప్పలేదు, దిండు చెప్పింది. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కొన్నాళ్ళ తరవాత ఒక రాత్రి పేపర్లు దిద్దుతుంటే పక్కకు వచ్చి, తన స్కూటరు తాళాలగుత్తి నా ఎడమచేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఏ శాస్త్రమూ చదవని మనిషి. నేను సైకాలజిస్టుకు ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వి, పద్ధతిలో అది గూడా ఒక భాగమేనన్నది – ఇంట్లో ఒకరు తప్పు పట్టకుండా గుర్తు చేయడం.

మందుల మాట అడుగుతారు. ఈ జబ్బు కోసమే పుట్టిన మందు ఇప్పటికీ లేదు. చేతులు కడిగేవారికి పనిచేసే మందులు మాకు అంతగా పనిచెయ్యవు. 2009లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందును 50 మంది పెద్దవాళ్ళ మీద 12 వారాలు పరీక్షిస్తే, మందు పుచ్చుకున్నవాళ్ళలో నూటికి 56 మందికీ, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకున్నవాళ్ళలో 16 మందికీ బాగా గుణం కనిపించింది. అందరూ సంతోషించారు. 2013లో పిల్లల మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేకపోయింది. కనక దుకాణంలో కొని మీ అమ్మాయికి ఇవ్వకండి. దిగులో ఆందోళనో తోడైతే దానికి మందు అవసరం కావచ్చు. అది డాక్టరు చూసి చెప్పవలసింది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పీకిన వెంట్రుకలను కొందరు నోట్లో పెట్టుకుంటారు, మింగేస్తారు గూడా. వెంట్రుక అరగదు. కడుపులో ఉండచుట్టుకుని ఎన్నో నెలలు పేరుకుంటుంది. ఆపరేషను చేసి తీయవలసి వస్తుంది. మీ అమ్మాయికి కడుపునొప్పి, వాంతులు, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం ఉంటే మొహమాటపడకుండా, కోపం లేకుండా అడగండి. అవునంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

నేను పూర్తిగా మానేశానా? లేదు. మచ్చ పూడి ఆరేళ్ళయింది. సవరం బీరువాలో ఉంది. మార్చి ఏప్రిల్ నెలల్లో జవాబు పత్రాల కట్టలు వచ్చినప్పుడు నాలుగు రోజులో వారమో చెయ్యి పాతదారి పడుతుంది. మళ్ళీ ప్లాస్టర్లు, మళ్ళీ వత్తులు. కిందటేడు ఆ వారం తొమ్మిది రోజులు పట్టింది, అంతకుముందేడు పదిహేడు. ఇదివరకు ఒక రోజు జారితే అంతా పోయిందని మూడు నెలలు జారేదాన్ని. ఇప్పుడు జారిన రోజును పుస్తకంలో వ్రాసి పడుకుంటాను.

ఇక, తల్లిగారూ, మీ అమ్మాయికి పదిహేడేళ్ళు. పెళ్ళిచూపుల బెంగ ఇప్పుడు ఆ పిల్ల తలమీద పెట్టకండి. తలమీద ఇప్పటికే చాలినంత ఉంది. పీకడం తగ్గితే చాలావరకు జుట్టు మళ్ళీ వస్తుంది. ఏళ్ళ తరబడి ఒకేచోట పీకితే కుదుళ్ళు దెబ్బతిని కొన్నిచోట్ల రాకపోవచ్చు. ఇప్పుడే మేలుకోవడానికి అదొక కారణం. చాపమీద వెంట్రుకలు లెక్కపెట్టకండి. ఒట్లు వేయించకండి. ఒట్టు వేసింది నోరు. ఆ సమయానికి చెయ్యి అక్కడ లేదు. గుర్తు చెయ్యడం ఆ పిల్లకు ఇష్టమేనా, ఇష్టమైతే ఏ మాటతో, ఏ సైగతో చెయ్యాలో తననే అడగండి. మొలకలు వచ్చేటప్పుడు నెత్తిన బ్రష్షులా నిక్కబొడుచుకుంటాయి. పీకాలన్న కోరిక అప్పుడే ఎక్కువ. ఆ రెండు మూడు నెలలు మెత్తని గుడ్డ కట్టుకోవడానికి, టోపీ పెట్టుకోవడానికి ఒప్పుకోండి. మీ చుట్టాలు ఏమనుకుంటారో మీరు చూసుకోండి.

పరీక్షలయ్యేదాకా ఆగవలసిన పని లేదు. మీ జిల్లాలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే అక్కడ మానసిక వైద్య విభాగం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ‘టెలి మానస్’కు 14416 నంబరు మీద ఫోను చేస్తే, డబ్బు కట్టకుండా, తెలుగులోనే మాట్లాడి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా, కూర్చోగానే ఒక ప్రశ్న వెయ్యండి: “మీరు హాబిట్ రివర్సల్ నేర్పుతారా?” నేర్పుతానంటే అమ్మాయిని లోపలికి పంపి మీరు బయట బెంచీ మీద కూర్చోండి. అదేమిటని ఎదురు అడిగితే, నమస్కారం పెట్టి, అది తెలిసినవారు ఎవరున్నారో కనుక్కుని లేవండి.